చెవిగుర్తు పడేదాకా

సుల్మా ఒలసాబాల్‌కు రెండు పుట్టినరోజులు. మే నెలలోది అసలుది. ఆ రోజు సూపర్‌వైజరు బయటికి వెళ్ళిన సమయం చూసి మిల్లులో మా రఫ్ఫు బల్ల మీద కేకు కోసేవాళ్ళం. నవంబరులోది గుర్తింపు కార్డు మీది. ఆ రోజు యూనియన్ ఆఫీసు గోడ మీద ఆమె పేరు రాసేవాళ్ళు. వాళ్ళిచ్చే సబ్బుల పెట్టె తీసుకుని ఇంటికి వెళ్ళేది. "రెండుసార్లు పుట్టాను, ఒక్క మొగుడైనా సరైనవాడు దొరకలేదు" అనేది. పెళ్ళి చేసుకున్నవాడు అర్జెంటీనా వెళ్ళి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. ఆ మాట ఆమె అలా తేలిగ్గా అన్నప్పుడు తప్ప మేమెవరం ఎత్తేవాళ్ళం కాదు.

పదిహేడేళ్ళప్పుడు ఒక గొర్రెల ఎస్టేటు నుంచి శాన్ బెలిసారియోకి వచ్చింది. ఉరుగ్వే నది ఒడ్డున మా ఊరు. ఊరికి ఒకటే మిల్లు, మిల్లుకి ఒకటే సరుకు, ఉన్ని. ఆమెను తెచ్చి నా పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. మగ్గం మీంచి దిగిన గుడ్డలో తెగిన పోగూ తప్పిన పోగూ వెతికి, కనబడకుండా పూడ్చడం మా పని. దానికి కొత్త దారం పనికిరాదు. రంగు కలిసినా మెరుపు కలవదు. అదే గుడ్డ అంచులోంచి పోగు లాగి దానితోనే కన్నం పూడుస్తాం. అంచు కాస్త పలచబడుతుంది, నడుమ నిలుస్తుంది. ఇది సుల్మాకు నేనే నేర్పాను. ఆ తర్వాత ముప్పై ఏళ్ళకు పైగా ఇద్దరం ఒకే కిటికీ వెలుతురులో పనిచేశాం.

రెండు పుట్టినరోజుల కథ బల్ల దగ్గర అందరికీ కంఠతా వచ్చు. ఆమె తండ్రి పేరు అనాక్లేతో, మర్యాదగా దోన్ అనాక్లేతో అంటాం. ఆయన ఎస్టేటులో గొర్రెల కాపరి. సుల్మా పుట్టింది మే నెలలో, మా వైపు చలి మొదలయ్యే రోజుల్లో. జననం నమోదు చేయించాలంటే గుర్రం మీద ఒక పగలంతా ప్రయాణం. పెద్దాయనకు తీరిక లేదు. వసంతం వచ్చింది, ఉన్ని కత్తిరింపులు వచ్చాయి. అవన్నీ ముగించుకుని నవంబరులో వెళ్ళాడు. ఆలస్యమైతే జరిమానా ఉంటుంది కాబట్టి, పిల్ల మొన్ననే పుట్టిందని రాయించాడు. గుమస్తా పిల్లను చూపించమని అడగలేదు. ఈ కథ సుల్మా చెప్తుంటే మాతో పనిచేసే ఎల్బా ఎప్పుడూ ఒకే మాట అనేది.

"అయితే నువ్వు పుట్టిన రోజుకే నీకు రెండు పళ్ళొచ్చాయన్నమాట. అందుకే అట్లా కరుస్తావు."

మా ఊళ్ళో నిరుద్యోగ భృతిని సెగూరో అంటాం. అంటే బీమా. మా మాటలో దానికీ, 'ఖాయం' అనడానికీ ఒకటే పదం. మిల్లుకి ఆర్డర్లు తగ్గినప్పుడల్లా కొంతమందిని లే-ఆఫ్ చేసి సెగూరోకి పంపేవాళ్ళు. పుట్టింటికి వెళ్ళొచ్చినట్టు నాలుగు నెలలు ఉండి తిరిగి వచ్చేవాళ్ళం. ఎవరూ పెద్దగా దిగులుపడేవాళ్ళు కారు. లే-ఆఫ్ కాక పనిలోంచే తీసేస్తే ఆరు నెలలు ఇచ్చేవాళ్ళు. అదీ అందరికీ తెలుసు. మాలో ఎవరికీ దాని అవసరం పడలేదు.

భృతి చట్టం మారిన ఏడు, యూనియన్ కార్యదర్శి వాషింగ్టన్ సిల్వేరా పేపరు పట్టుకుని గేటు దగ్గర నిలబడి చదివి వినిపించాడు. ఇకనుంచి భృతి నెల నెలా కొంచెం కొంచెం తగ్గుతూ వస్తుంది. అయితే పనిలోంచి తీసేసే రోజుకి యాభై ఏళ్ళు నిండినవాళ్ళకి ఆరు నెలలు కాదు, ఏడాది ఇస్తారు. ఆ వయసులో మళ్ళీ పని దొరకడం కష్టమని ప్రభుత్వం ఒప్పుకుంటున్నట్టు అని అతను వివరించాడు. ముసలివాళ్ళమయ్యామని సర్టిఫికెట్టు ఇచ్చి డబ్బులు కూడా ఇస్తారా అని ఎల్బా అడిగింది. తర్వాత సుల్మా వైపు తిరిగింది.

"నీకేమే, నీ దగ్గర రెండు వయసులున్నాయి. ఏది లాభమైతే అది చూపించు."

అప్పటికి సుల్మాకు నలభై అయిదు. అందరం నవ్వుకుంటూ లోపలికి వెళ్ళాం.

మిల్లు మూతపడింది ఆగస్టులో. ఈసారి లే-ఆఫ్ కాదు. పోస్టుమాన్ ఇంటింటికీ తొలగింపు టెలిగ్రాములు తెచ్చి ఇచ్చాడు. అతని పెళ్ళాం కూడా నూలు విభాగంలో పనిచేసేది. ఆమె టెలిగ్రామును ఆఖర్న ఇచ్చాడట.

అంతకు మూడు నెలల ముందే సుల్మా కేకు మీద యాభై అని అంకె పెట్టి మేమంతా చప్పట్లు కొట్టాం. నా వయసు అప్పటికి యాభై ఆరు. ఎల్బాది యాభై రెండు. బల్ల దగ్గరున్న అందరం ఆ గీత దాటినవాళ్ళమే. కార్డు ప్రకారం సుల్మా ఒక్కతే ఇవతల ఉండిపోయింది. ఆమెకు ఆరు నెలలు, మాకు ఏడాది.

వేరే మనిషైతే దీన్ని దురదృష్టం అనుకుని ఊరుకునేది. సుల్మాకు ఆ రెండో ఆరు నెలలే కావాలి. దోన్ అనాక్లేతో ఆమె దగ్గరే ఉంటాడు, రైలు పట్టాలవతల ఇంట్లో. చూపు దాదాపు పోయింది. ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. ఒంటరిగా వదిలితే తనే పొయ్యి రాజేయబోతాడు. ఒకసారి చొక్కా చెయ్యి అంటుకుంది. ఆయనకు మరొక్క శీతాకాలం దాటడమే కష్టమని ఆ జూన్‌లోనే డాక్టరు సుల్మాను పక్కకు పిలిచి చెప్పాడు. ఆరు నెలల భృతి ఫిబ్రవరితో అయిపోతుంది. మా ఊళ్ళో మిల్లు తప్ప వేరే పని లేదు. పని కావాలంటే రాజధాని మాంటెవిడియో వెళ్ళి ఎవరింట్లోనో ముసలివాళ్ళను చూసుకుంటూ అక్కడే ఉండాలి. అప్పుడు తండ్రిని జిల్లా కేంద్రంలోని వృద్ధాశ్రమంలో చేర్చాలి. ఆయన ఒకసారి పాత స్నేహితుణ్ణి చూడ్డానికి అక్కడికి వెళ్ళి వచ్చాడు. వచ్చాక సుల్మాతో, అక్కడ అందరికీ ఒకే రంగు దుప్పట్లు ఉన్నాయని మాత్రం చెప్పాడు. ఆమెకు అర్థమైంది. చేర్చనని మాట ఇచ్చింది. ఏడాది భృతి ఉంటే వచ్చే శీతాకాలం చివరిదాకా ఆ మాట నిలుస్తుంది.

భృతి ఆఫీసుకి ఇద్దరం కలిసి వెళ్ళాం. కౌంటరులో అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. మీరు మేలో పుట్టారని చెప్తున్నారు, నేను నమ్ముతాను, కానీ కంప్యూటరుకు కార్డు మీది తేదీ తప్ప వేరే తేదీ తెలియదు అంది. సుల్మా కార్డు తిరిగి తీసుకుని పర్సులో పెట్టుకుంది. బయట బస్టాపులో నేను తేదీ సరిచేయించుకొమ్మన్నాను. జడ్జి దగ్గర అర్జీ పెట్టవచ్చు, పెద్దాయన వచ్చి చెప్తే సరిపోతుంది అన్నాను.

"చెప్తే ఏమవుతుందక్కా?"

"తేదీ మారుతుంది."

"అది కాదు. నాన్నకి ఏం తెలుస్తుంది? తను ఆ రోజు ఎగ్గొట్టిన ప్రయాణం వల్ల నేనిప్పుడు తనని వదిలిపెట్టి పోవాల్సొస్తోందని తెలుస్తుంది. ఎనభై నాలుగేళ్ళ మనిషికి అది చెప్పమంటావా?"

నేను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఇంట్లో ఆమె తనకూ ఏడాది వచ్చిందనే చెప్పింది. ఆయనకు నిజం చెప్పొద్దని మా అందరి దగ్గరా మాట తీసుకుంది. పెద్దాయన సంతోషించాడు. ఆ చట్టం చేసినవాడెవడో గొర్రెల్ని కాసినవాడై ఉంటాడన్నాడు.

ఆయన సుల్మాను పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. గువాచీతా అనేవాడు. గువాచా అంటే తల్లి పోయిన గొర్రెపిల్ల. దాన్ని ఇంట్లోకి తెచ్చి, పొయ్యి పక్కన పడుకోబెట్టి సీసాతో పాలు పడతారు. చూపు పోయాక ఆయనకొక అలవాటు వచ్చింది. ఎవరు దగ్గరికి వచ్చినా చెయ్యి చాచి, గొర్రె చెవిగుర్తు వెతికినట్టు, చెవి తమ్మె పట్టుకుని తడిమేవాడు. "ఇది ఎవరి మందదో?" అనేవాడు. నా చెవి పట్టుకుని, ముసలి గొర్రె, కోతకు కూడా పనికిరాదు అని తేల్చాడు. మాతే ఆకుల కషాయం గ్లాసు ఆయన చేతికి అందించాక ఆ మాటకు బదులు చెప్పేదాన్ని. నేను ముసలిదాన్నయితే ఆయన్ని కట్టేసిన కొయ్య కూడా పుచ్చిపోయి ఉంటుందని. అప్పుడు ఆయనకి దగ్గూ నవ్వూ ఒకేసారి వచ్చేవి.

నోరు జారింది ఎల్బా. అక్టోబరులో ఒక రోజు పొద్దుటినుంచీ వాన. వానపడితే మా ఇళ్ళలో కొవ్వులో వేయించిన పిండి రొట్టెలు చేస్తారు. ఎల్బా ఒక పళ్ళెం నిండా రొట్టెలు తువ్వాలు కప్పి తెచ్చింది. సుల్మా పెరట్లో కట్టెలు తెస్తోంది. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. ఎల్బా ఎప్పటిలాగే పెద్దాయనతో వేళాకోళం మొదలుపెట్టింది.

"దోన్ అనాక్లేతో, ఆ ఉన్ని కత్తిరింపేదో కాస్త వదిలేసి ఒక్క పూట ఊళ్ళోకి వెళ్ళొచ్చుంటే, ఈ రోజు నీ కూతురు కూడా మాలాగా ఏడాదిపాటు కాళ్ళు చాపుకుని కూర్చునేది."

అన్నాక తనకే తెలిసింది. నా వైపు చూసింది. పెద్దాయన రొట్టె ముక్కను మోకాలి మీద పెట్టుకున్నాడు. తర్వాత చెప్పమన్నాడు. చెప్పక తప్పలేదు. చట్టంలో ఏముందో, కార్డు మీద ఏముందో, ఫిబ్రవరిలో ఏమవుతుందో అంతా నేనే చెప్పాను. సుల్మా కట్టెలతో గుమ్మంలోకి వచ్చినా ఆయన ఆమెను ఏమీ అడగలేదు. వాషింగ్టన్‌ను పిలిపించమని నాతో అన్నాడు.

జడ్జి మాంటెవిడియో నుంచి వచ్చిన యువతి. ఆ గదిలో ఒక బల్ల, టైపు చేసే గుమస్తా, గోడకు జెండా ఉన్నాయి. పెద్దాయన పండగలకు వేసుకునే వెడల్పాటి పైజామా వేసుకుని, మెడకు నల్ల రుమాలు కట్టుకుని వచ్చాడు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. సుల్మా ఆయన వెనక నిలబడింది. మాకందరికీ గోడవారన బెంచీ వేశారు. అర్జీ పెట్టడంలో సాయం చేసిన లాయరమ్మ ముందే హెచ్చరించింది. తండ్రి అప్పట్లో తప్పుడు తేదీ చెప్పానని ఒప్పుకోవాలి. ఇన్నేళ్ళ తర్వాత దానికి శిక్షేమీ ఉండదు, కానీ ఒప్పుకోవాలి.

జడ్జి అదే అడిగింది. పుట్టిన ఆరు నెలలకు వెళ్ళి, మొన్ననే పుట్టిందని ఎందుకు చెప్పారని. ఉన్ని కత్తిరింపులు అని ఆయన అంటాడని మేమంతా అనుకున్నాం. గుమస్తా వేళ్ళు కూడా సిద్ధంగా ఉన్నాయి.

"గొర్రె ఈనగానే లెక్క రాయరు తల్లీ" అన్నాడు పెద్దాయన. "కొన్ని చలికి పోతాయి. కొన్నిటిని నక్క పట్టుకుపోతుంది. వసంతం వచ్చాక, బతికున్నవాటిని దొడ్లోకి తోలి చెవిగుర్తు వేస్తాం. ఇన్ని పిల్లలని అప్పుడు చెప్తాం. అంతకుముందు దొర వచ్చి అడిగినా సరే, ఇంకా తెలీదండీ అనే చెప్తాం."

జడ్జి తల ఊపింది. ఇది మనిషి కదా అని మెల్లిగా అంది.

"మనిషే. దీనికంటే ముందు ఇద్దరు మనుషులు. ఇద్దర్నీ పుట్టిన వారానికే ఊళ్ళోకి వెళ్ళి రాయించాను. నెల తిరక్కుండా మళ్ళీ అదే గదికి వెళ్ళి, పోయారని రాయించాను. అదే గుమస్తా. రెండోసారి అతను తల ఎత్తి నా మొహం చూళ్ళేదు. దీనికి నెలలు నిండలేదు. ఇంతే ఉంది. ఉన్ని నింపిన పెట్టెలో పెట్టి పొయ్యి పక్కన ఉంచాం. చలికాలమంతా నేనూ దాని తల్లీ వంతులేసుకుని నిప్పు ఆరకుండా చూశాం. నాకు సెగూరో లేదు తల్లీ. ఖాయం కాని బిడ్డని ఏమని రాయించను?"

"మరి నవంబరులో వెళ్ళినప్పుడు అసలు తేదీ చెప్పవచ్చుగా?"

"ఎప్పుడు పుట్టిందని అడిగాడు. ఆ వారమే గొర్రెపిల్లలకి చెవిగుర్తులు వేశాం. ఇది పెట్టెలోంచి లేచి కూర్చుంది. నాకు అప్పుడే పుట్టినట్టు అనిపించింది. అదే చెప్పాను."

గుమస్తా టైపు చేయడం ఆపాడు. జడ్జి రాయమన్నట్టు చెయ్యి చూపాక మళ్ళీ మొదలుపెట్టాడు. సుల్మా కుర్చీ వీపు పట్టుకుని నిలబడి ఉంది. ఇన్నేళ్ళుగా తను చెప్పి నవ్వించిన కథ అది. తల వంచి తండ్రి టోపీ వైపే చూస్తూ ఉండిపోయింది. నేను కిటికీ వైపు తిరిగాను.

తర్వాత మమ్మల్ని ఒక్కొక్కరినీ పిలిచారు. ఎల్బాను జడ్జి, ఈమె మే నెలలో పుట్టిందని మీకెలా తెలుసు, చూశారా అని అడిగింది.

"చూళ్ళేదండి. కేకు తిన్నాను."

"ఒకసారా?"

"ప్రతి ఏడూ. నవంబరులో ఎప్పుడూ పెట్టలేదు. డబ్బులు ఇవ్వనివాళ్ళక్కూడా పెట్టింది, ఆవిడ్ని అడగండి" అని నన్ను చూపించింది.

జడ్జి నవ్వు దాచుకుంది. కేకు అనే మాటను గుమస్తా రాశాడు, కాగితం మీద నేను చూశాను.

తిరిగి వచ్చేటప్పుడు వాషింగ్టన్ వ్యానులో సుల్మా తండ్రి పక్కన కూర్చుంది. ఆ ఇద్దరి పేర్లేంటని సుల్మా అడిగింది. హసింతా, ప్లాసిదో అన్నాడు ఆయన. ఆ పేర్లు ఆమె అంతకుముందు వినలేదు. రెండూ ఒకసారి పైకి అనుకుంది. ఆయన చెయ్యి చాచి ఆమె చెవి కోసం తడిమాడు. వ్యాను కుదుపుకు అందలేదు. ఆమే వంగింది.

కాగితాలు మాంటెవిడియో వెళ్ళాలి, అక్కడ ఇంకొకరు చూడాలి, నెలలు పడుతుంది అని లాయరమ్మ ముందే చెప్పింది. పట్టింది. నవంబరులో కార్డు ప్రకారం కూడా సుల్మాకు యాభై నిండాయి. యూనియన్ వాళ్ళిచ్చే సబ్బులు ఆ ఏడు లేవు. చట్టానికి తీసేసిన రోజు వయసు కావాలి కాబట్టి అదీ పనికిరాలేదు. ఫిబ్రవరి వచ్చింది. చివరి నెల భృతి తీసుకుంది. తీర్పు రాలేదు. మిల్లు మనుషులందరికీ గడువు పొడిగిస్తూ పార్లమెంటులో ప్రత్యేక చట్టం వస్తోందని వాషింగ్టన్ ప్రతి వారం చెప్పేవాడు. "నువ్వు రేడియోలో వాతావరణం చెప్పేవాడిలా ఉన్నావయ్యా, వాన పడ్డాక చెప్పు" అని ఎల్బా విసుక్కుంది. ఆ వాన పడలేదు.

మార్చిలో సుల్మా మాంటెవిడియో వెళ్ళింది. సముద్రం ఒడ్డున ఒక అపార్టుమెంటులో ఒంటరి విధవరాలిని చూసుకునే పని. రాతకోతలు లేవు, ఆదివారం ఒక్క పూట సెలవు. వెళ్ళేముందు తండ్రిని ఆశ్రమంలో చేర్చడానికి అన్నీ సిద్ధం చేసింది. ఆయన బట్టలు ఉతికి, లోపలి వైపు పేరు కుట్టి, సంచిలో సర్దింది. ఆ కుట్టు చూసి ఎల్బా సంచి తీసి మంచం కింద పెట్టింది.

రఫ్ఫు బల్ల వాళ్ళం మేము నలుగురం. మాకు ఆగస్టు దాకా భృతి ఉంది, చేతిలో పని లేదు. ఏడాది ఇచ్చినవాళ్ళు ఆ ఏడాదితో ఏం చేయమని చెప్పలేదు కదా అంది ఎల్బా. వంతులు వేసుకున్నాం. సుల్మా ఒప్పుకోలేదు, తర్వాత ఒప్పుకుంది. అంచులోంచి లాగిన పోగు అని నేను అనబోయి ఊరుకున్నాను. ఆమెకు నేను చెప్పాల్సిన పని లేదు.

ఆ శీతాకాలం చెడ్డది. నది మీంచి దక్షిణపు చలిగాలి వారాల తరబడి వీచింది. జూలైలో పెద్దాయనకు జ్వరం వచ్చింది. డాక్టరు వచ్చి చూసి, కూతురికి కబురు చేయమన్నాడు. పెద్దాయన వద్దన్నాడు. దాని పని పోతుంది, నేను పోయాక ఎలాగూ వస్తుంది అన్నాడు. మేము మంచాన్ని పొయ్యి దగ్గరికి జరిపాం. ఉన్ని పరుపు మీద మరో ఉన్ని పరుపు వేశాం. మిల్లు మనుషులం, మా ఇళ్ళలో ఉన్నికి కరువు లేదు. చెంచాతో చారు పోస్తే సగం బయటికి వచ్చేది. నా చెవి పట్టుకోవడానికి కూడా చెయ్యి లేచేది కాదు. నేనే తల వంచి ఆయన వేళ్ళకు తగిలించేదాన్ని.

సుల్మా ఆదివారాలు ఫోను చేసేది. జ్వరం సంగతి మేము చెప్పలేదు, ఆమె అడగలేదు. పొయ్యి వెలుగుతోందా అని మాత్రం అడిగేది. వెలుగుతోంది అనేవాళ్ళం. అంతటితో పెట్టేసేది.

ఆగస్టులో మా భృతి ముగిసింది. నాది, ఎల్బాది, అందరిదీ. ఎల్బా తన అన్న కోళ్ళఫారంలో చేరింది. మిగిలిన ఇద్దరూ నారింజ తోటల్లో కోతలకు వెళ్ళారు. పగటి వంతు నా ఒక్కదానికే మిగిలింది. నాకూ ఇంక ఎన్నాళ్ళో జరగదు. ఆ సంగతి పెద్దాయనకు చెప్పలేదు. ఆయన సంచి మంచం కిందే ఉంది.

సెప్టెంబరు మొదట్లో తీర్పు వచ్చింది. వాషింగ్టన్ సైకిలు గోడకు ఆనించి, ఊపిరి తీసుకుని, నెమ్మదిగా చదివాడు. సుల్మా ఒలసాబాల్ మే నెలలో పుట్టినట్టు తీర్మానించారు. భృతి ఆఫీసులో అడిగితే, తీసేసిన రోజుకి యాభై నిండినట్టే లెక్క, మిగతా ఆరు నెలలూ ఇస్తాం, కానీ గడిచినవాటికి కాదు, ఇప్పటినుంచి అన్నారు. పనిలో ఉంటే ఇవ్వరు, ఆ పని మానుకోవాలి. వాషింగ్టన్ అక్కడే నిలబడి ఆమెకు ఫోను చేశాడు. ఆమె సరే అందట.

శనివారం బస్సుకు వచ్చింది. చిక్కిపోయింది. గుమ్మంలో సంచి దించి, కోటు కూడా విప్పకుండా మంచం దగ్గరికి వెళ్ళి కూర్చుంది. పెద్దాయన ఎవరని అడగలేదు. చెయ్యి తనంతట తనే పైకి లేచింది. చెవి తమ్మె దొరికింది.

"ఇది మనదే" అన్నాడు. కాసేపటికి, "చలికాలం దాటిందా, గువాచీతా?"

ఆమె కిటికీలోంచి చూసింది. పక్కింటి ప్లమ్ చెట్టుకు పూత వచ్చింది.

"దాటింది నాన్నా."

"అయితే నన్ను లెక్కలో వేసుకోండి" అన్నాడు, మా ఇద్దరి వైపూ.

ఆమె లేచి పొయ్యిలో కట్టె పెట్టింది. మంచం కింద సంచి చూసి, బయటికి లాగి, ఆయన చొక్కాలు తీసి కొయ్యకు తగిలించింది. నేను శాలువా కప్పుకున్నాను. ఆమె నా వెనకే గుమ్మం దాకా వచ్చింది. కోటు జేబులోంచి తాళంచెవి తీసి నా అరచేతిలో పెట్టింది. ఆ అపార్టుమెంటుది.

"ఆవిడకి మనిషి కావాలి అక్కా. నువ్వొస్తావని చెప్పాను. సూపులో ఉప్పు తక్కువ వెయ్యి. రేడియో గట్టిగా పెడితే ఊరుకోదు. కిటికీ పక్క కుర్చీ మాత్రం బాగుంటుంది, వెలుతురు వస్తుంది."

ఇక్కడ మళ్ళీ ఎన్నాళ్ళని నేను అడగలేదు. మార్చి దాకా అని ఇద్దరికీ తెలుసు. మార్చి తర్వాత సంగతి ఎవరికీ ఖాయంగా తెలియదు.

సోమవారం పొద్దున మాంటెవిడియో బస్సు నేను ఎక్కాను.